ఖాళీ మేకు

ముందుగా ఒక మాట. ఇందులో అక్షరాల తప్పులుంటాయి, మన్నించండి. కలం పట్టి ఎన్నో ఏళ్లు కాని చెయ్యి ఇది. ఒత్తులు ఇంకా నా మాట వినవు. ఒక పేజీ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది, మీరు చదవడానికి అంత పట్టదులెండి. రాళ్లు కొట్టేవాళ్లకీ, చదువుకుంటున్న పిల్లలకీ ఈ సంగతి చెప్పాలని కూర్చున్నాను. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకి చదివి వినిపించండి.

చెరువుని ఆనుకుని ఒక చిన్న గుట్ట. పెద్దదేం కాదు, వయసులో ఉన్నవాళ్లు ఒక్క ఊపులో ఎక్కేయొచ్చు. చెరువు వైపు నుంచి చూస్తే మెడలోతు నీళ్లలో దిగిన గేదెలా నిండుగా ఉండేది. ఇటు వైపు నుంచి చూస్తే సగం కొరికి పారేసిన పండు. ఇటే క్వారీ. క్వారీకి ఎదురుగా కంకర మిషను, దాని వెనక రేకుల ఇళ్లు మూడు వరసలు. ఒకప్పుడు మధ్యాహ్నం మూడయ్యేసరికి గుట్ట నీడ మూడు వరసల మీదా పడేదట. కొట్టేకొద్దీ నీడ తగ్గింది. ముందు మూడో వరసకి అందకుండా పోయింది, తర్వాత రెండో వరసకి. తమ నీడని తామే పగలగొట్టి లారీలకెత్తారు ఆ జనం.

బండ పేల్చేది మిట్టమధ్యాహ్నం. మిషను షెడ్డు ముందు గోడకి ఒక పొడవాటి చెక్క, ఆ చెక్కకి నలభై ఒక్క మేకులు. ఎవరి మేకు వాళ్లది. లోపలికి దిగేటప్పుడు తలగుడ్డ తలకి, బయటికి రాగానే మేకుకి. మేకులన్నీ నిండితే లోపల మనిషి లేనట్టు. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా వత్తి ముట్టించకూడదు. ఇదే మాట పక్కనున్న బోర్డు మీద ఎర్రరంగుతో రాసి ఉండేది. బోర్డు చదవగలిగినవాళ్లు తక్కువ. మేకులు చదవలేనివాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆమెను అందరూ జల్లెడక్క అనేవాళ్లు. మిషను దగ్గర కంకర జల్లించే పని. ఆమె మొగుడు బండలో బెజ్జాలు వేసే మనిషి. మాట తక్కువ, ఈల ఎక్కువ. క్వారీలోంచి పైకి వస్తున్నాడంటే మనిషికన్నా ముందు ఈల వచ్చేది. ఎప్పుడూ ఒకటే పాట, అదీ సగమే.

"మిగతా సగం ఎవరికిచ్చేశావయ్యా?" అని అడిగేది ఆమె.

"నీకు దాచానే. ముసలితనంలో వేస్తా" అనేవాడు.

మేకుల పద్ధతి మంచిదే. దాన్ని చెడగొట్టింది మేస్త్రీ నోరు. లారీలు వరసకట్టి నిలబడితే ఆయనకి కాలు నిలిచేది కాదు. "ఆ ఖాళీ మేకు ఎవడిదిరా? అత్తారింట్లో ఉన్నాననుకుంటున్నాడా, తాపీగా రావడానికి?" అని కేకలేసేవాడు. మూడుసార్లు ఆఖరున వచ్చినవాడికి పై వారం పని ఉండేది కాదు. దాంతో జనంలో ఒక అలవాటు పుట్టింది. వెనకబడినవాడు తన గుడ్డ ముందు నడిచేవాడి చేతికిచ్చి పంపడం, వాడు తగిలించేయడం. అన్నది తమ్ముడు, మొగుడిది పెళ్లాం. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. ఒకరికొకరు సాయం అనుకున్నారు.

ఆ రోజు అతను సగం దూరం ఎక్కి ఆగిపోయాడు. ఆమె తాగే నీళ్ల కుండ దింపి ఎదురెళ్లింది.

"గడ్డపార లోపలే మర్చిపోయానే. అది బండల కింద పడితే మేస్త్రీ నా తోలు వలుస్తాడు. ఇది తగిలించు, చిటికెలో వస్తా."

తలగుడ్డ విప్పి ఆమె మీదికి విసిరాడు. ఇంకా చెమట తడిగా ఉంది. మూల ఎర్రదారంతో ఆమె వేసిన గుర్తు ఉంది. ఆమె వెళ్లి పంతొమ్మిదో మేకుకి తగిలించింది. నలభై ఒకటీ నిండాయి.

వత్తి ముట్టించే ముసలాయన్ని అందరూ వత్తి తాత అంటారు. తాత చెక్క వైపు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి చూశాడు. మేస్త్రీ "ఊఁ, కానీ" అన్నాడు. ఆమె "తాతా, ఒక్క నిమిషం" అనబోయింది. మేస్త్రీ తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆ చూపుకి మాట గొంతులోనే కూర్చుండిపోయింది. వత్తి కాలడానికి చాలా సేపు పడుతుందిగా, ఈలోపు వచ్చేస్తాడులే అనుకుంది.

ఈల వినబడింది. పైకి వస్తున్న ఈల. సగం పాటలో సగం.

అంతలో గుట్ట గర్జించింది. చెరువు వైపు అంచులో ఒక భాగం ఒక్కసారిగా కూలింది. దుమ్ము లేచి నీళ్ల మీద తెల్లటి దుప్పటిలా పరుచుకుంది.

అతను కనబడ్డంలేదని తెలిసి, రాళ్లు తొలగించడానికి జనం ఒట్టి చేతులతో ఎగబడ్డారు. మనిషి దొరకలేదు. సాయంత్రానికి కాంట్రాక్టరు కారు దిగి, చెప్పులకి దుమ్ము అంటకుండా షెడ్డు అరుగు మీద నిలబడి, చెక్క వైపు వేలు చూపించాడు.

"మేకు మీద గుడ్డ ఉందా లేదా?"

"ఉంది బాబూ."

"గుడ్డ బయట ఉందంటే మనిషి బయటికొచ్చినట్టే. బయటికొచ్చినవాడు ఎటు పోయాడో నన్నడిగితే నాకేం తెలుసు? ఆ గుడ్డ ఎవరూ ముట్టుకోవద్దు. అది సాక్ష్యం."

మర్నాడు అంచు చుట్టూ తాడు కట్టారు. అటు వెళ్లకూడదన్నారు. మూడో రోజు కంకర మిషను మళ్లీ తిరిగింది.

జల్లెడక్క నోరు విప్పలేదు. గుడ్డ తగిలించింది నేనే అంటే చంపింది నేనే అన్నట్టు కాదా? ఆ భయం ఒకటి. ఇంకొకటి ఉంది, దాన్ని ఆమె తనకి తాను కూడా చెప్పుకోలేదు. కాంట్రాక్టరు అబద్ధంలో ఆమె మొగుడు బతికే ఉన్నాడు. ఎక్కడో ఒక ఊళ్లో, ఏదో ఒక వీధిలో నడుస్తూ ఉన్నాడు. నిజంలో మాత్రం బండల కింద ఉన్నాడు. తగిలించిన చెయ్యి తనదే అయినా, చెరువు అవతల గట్టున పొడుగాటి మనిషి కనబడితే ఆమె కాళ్లు అటు లాగేవి.

జనం కూడా ఊరుకోలేదు. పడవలో చూశామని ఒకరు, సంతలో చూశామని ఒకరు. ఇంట్లో అత్త సంగతి మరీ ఘోరం. ఆవిడకి చూపు ఆనదు. రోజూ గుమ్మం పక్కన చెంబుతో నీళ్లు పెట్టి కూర్చునేది.

"అదిగోనే, ఈల వేస్తున్నాడు. వినబడ్డంలా?"

"లేదత్తా. గాలి."

"గాలికి పాట వస్తుందటే?"

నిజానికి జల్లెడక్కకీ వినబడేది. మిట్టమధ్యాహ్నం వత్తి ముట్టించే ముందు క్వారీ అంతా నిశ్శబ్దమైనప్పుడు, చెరువు గాలికి పంతొమ్మిదో మేకు మీద గుడ్డ కదిలేది. మిగతా నలభై గుడ్డలూ సాయంత్రానికి తలలకెక్కి ఇళ్లకి పోయేవి. అదొక్కటీ అక్కడే. దుమ్ము పట్టి, ఎండకి వెలిసి, భుజాలు వంచుకుని నిలబడ్డ మనిషిలా. కొత్తగా చేరినవాళ్లు ఆ మేకు కిందగా నడిచేవాళ్లు కాదు. పాతవాళ్లు నడిచేవాళ్లు గానీ తల ఎత్తేవాళ్లు కాదు.

ఒకరోజు మేస్త్రీ కాగితం తెచ్చాడు. "నీ మొగుణ్ని వెతికించడానికి అర్జీ. వేలిముద్ర వెయ్యి." ఆమె వేసింది. వేసి, దండం కూడా పెట్టింది.

ఆ కాగితం నకలు ఆమె చీరకొంగున ముడేసుకుని తిరిగింది. ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఏడో నెలలో లారీ డ్రైవరు చూశాడు. నోరు పెద్దదని అతన్ని హారన్ అనేవాళ్లు. అక్షరమ్ముక్క వచ్చినవాళ్లలో అతనొకడు.

"కొంగున ఏం దాచావక్కా, బంగారమా?" అని నవ్వుతూ విప్పించాడు. చదువుతుంటే నవ్వు పోయింది.

"ఏం రాసుందయ్యా? ఎప్పటికి వెతుకుతారంట?"

"అక్కా... ఇది వెతకడానికి కాదు. 'నా భర్త ఆ రోజు పని ముగించి క్వారీ నుంచి క్షేమంగా బయటికి వచ్చి, నాతో గొడవపడి, ఇల్లు వదిలి వెళ్లిపోయినాడు. ఇందులో యజమాని తప్పేమీ లేదు' అని ఉంది. కింద నీ వేలు."

ఆమె తన బొటనవేలి వైపు చూసుకుంది. సిరా ఎప్పుడో పోయింది. అయినా చెరువు మెట్ల మీద కూర్చుని ఇసకతో ఆ వేలు తోముతూనే ఉంది, చర్మం లేచేదాకా.

ఆ వారమే మేస్త్రీ కబురు తెచ్చాడు. చెరువు వైపు అంచు పేలుస్తారట. మిగిలిన గుట్ట మొత్తం అదే కదా. ఆ రాళ్లతోనే చెరువు ఒడ్డు పూడ్చి రోడ్డు వేస్తారట. సోమవారం ముహూర్తం.

ఆదివారం పొద్దున మిషను షెడ్డులో జనం గుమిగూడారు. పిలిచింది వత్తి తాత. మామూలుగా నలుగురిలో నోరెత్తే మనిషి కాదాయన.

"ఆ అంచులో పగులుంది. నా చెయ్యి దూరేంత. అటు పేలిస్తే బండ అటు చెరువులోకి పోదు, ఇటు షెడ్డు మీదికి వస్తుంది. మొదటి వరస ఇళ్ల దాకా రావచ్చు. నేను చెప్పాను. మేస్త్రీ నవ్వాడు."

"అయితే ఏం చెయ్యమంటావు తాతా?" అన్నాడు ఒకడు. "గుట్ట తింటేనే మనకి కూడు. వద్దంటే రేపు ఇంకో గుంపుని దింపుతారు."

"దింపితే దింపనీ, చచ్చేది వాళ్లు" అన్నాడు ఇంకొకడు.

"ఆహా, ఎంత పెద్ద మనసు నాయనా నీది!" అంది గంపక్క. రాళ్ల గంపలు మోసే మనిషి, మాట కూడా రాయే. "వాళ్లు మనుషులు కారా? వాళ్ల పెళ్లాలు నా లాంటి ఆడవాళ్లు కారా?"

"మరి కాంట్రాక్టరు మనిషి పోలేదంటాడుగా. ఇన్నేళ్లలో ఒక్కరూ పోలేదంట. జల్లెడక్క మొగుడు కూడా లేచిపోయాడేగా!"

ఎవరో కిసుక్కుమన్నారు. జల్లెడక్క లేచి నిలబడింది. మిషను పట్టాని పట్టుకుంది.

"లేచిపోలేదు. లోపలే ఉన్నాడు."

"నీకెలా తెలుసు?"

"గుడ్డ తగిలించింది నేను."

ఆమె చెప్పింది. గడ్డపార సంగతి, తడిగుడ్డ సంగతి, గొంతులో కూర్చుండిపోయిన మాట సంగతి. చెప్పడం అయ్యాక చూపులు నేల మీదే ఉంచింది.

"అంటే నువ్వే చంపావన్నమాట" అంది వెనక నుంచి ఒక గొంతు.

"అవును."

అత్త గోడ పట్టుకుని లేచింది. తడుముకుంటూ కోడలి దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నారంతా. జల్లెడక్క కూడా అలాగే అనుకుని కళ్లు మూసుకుంది. ఆవిడ చేత్తో కోడలి ముఖం తడిమింది.

"వాడే ఇచ్చాడా గుడ్డ?"

"ఆయనే ఇచ్చాడత్తా."

"ఏడు నెలలు ఒక్కదానివే మోశావటే? నాకో చెయ్యి లేదా?"

అంతే, ఆమె బావురుమంది. ఏడు నెలల ఏడుపు అది. గంపక్క ముందుకొచ్చి గుంపు వైపు తిరిగింది.

"ఇందాక చంపావన్నవాడు ఎవడో ముందుకి రా. నిన్న నీ గుడ్డ తగిలించింది ఎవరు? నేను కాదూ? మొన్న మా తమ్ముడిది ఎవరు తగిలించారు? చెప్పండి, ఇక్కడ ఇంకొకరి గుడ్డ తగిలించని చెయ్యి ఏదైనా ఉంటే పైకెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఒక్కొక్కరు తమ చేతుల వైపు చూసుకున్నారు, అవి ఎవరివో అన్నట్టు.

"ఎందుకు తగిలించాం? సరదాకా? ఖాళీ మేకు కనబడితే వాడు పని తీసేస్తాడనేగా!"

అప్పుడు వత్తి తాత తన తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇంకొకటుంది. ఆ రోజు వత్తి సగానికి కోయించాడు మేస్త్రీ. లారీలు ఆగున్నాయని. ఎప్పటి వత్తి అయితే వాడు పైకి వచ్చి, నీళ్లు తాగి, ఈల కూడా ముగించేవాడు. కోసింది ఈ చేతులే. అమ్మా, నువ్వొక్కదానివే అనుకోకు."

ఆ మాటతో షెడ్డులో ఏదో తిరిగింది. భయం పోలేదు. భయం అలాగే ఉంది గానీ, ఇంతకాలం ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కొక్కటిగా పడుకున్న భయం ఇప్పుడు నలుగురిలోకి వచ్చి కూర్చుంది. నలుగురిలో కూర్చున్న భయానికి కోపం అని ఇంకో పేరుంది. చాలాసేపు వాదులాడుకున్నారు. కొందరు తిట్టుకున్నారు, ఇద్దరు అలిగి వెళ్లి మళ్లీ వచ్చారు. ఆఖరికి తేలింది ఇది: రేపు ఎవరూ గుడ్డ తగిలించకూడదు. తల మీది గుడ్డ తలమీదే. మేకులు ఖాళీగా ఉంటే బోర్డు మీది మాట ప్రకారమే వత్తి ముట్టదు. వాళ్ల రూలే వాళ్ల మెడకి.

సోమవారం మిట్టమధ్యాహ్నం. నలభై మంది తలగుడ్డలతో షెడ్డు ముందుకి వచ్చారు. వచ్చి, కొయ్యబారిపోయారు.

మేకులన్నీ నిండి ఉన్నాయి.

తెల్లటి కొత్త గుడ్డలు, మడత కూడా నలగలేదు. నలభై మేకులకి నలభై. మధ్యలో పంతొమ్మిదో మేకు మీద మాత్రం పాతదే, వెలిసిపోయి. చెక్క పక్కన కాంట్రాక్టరు, మేస్త్రీ, రెండు జీపుల పోలీసులు. ఎవరు వెళ్లి చెప్పారో ఏమో. ఇద్దరు అలిగి వెళ్లారన్నాను కదా, వాళ్లే అనుకున్నారు కొందరు. నేను ఒట్టేసి చెప్పలేను.

"బజారులో గుడ్డలకేం కరువా?" అన్నాడు మేస్త్రీ నవ్వుతూ. "నలభై ఒకటి నిండాయి. ఒరే ముసలోడా, ముట్టించు."

తాత కదల్లేదు. పోలీసు అధికారి లాఠీతో బోర్డు మీద తట్టాడు. "రూలు ప్రకారమే ఉందిగా! అడ్డం లేవండి, లేకపోతే అందరినీ బండెక్కిస్తాను."

జనం వెనక్కి ఒక అడుగు వేశారు. రాత్రంతా కూడగట్టుకున్న గుండె గుడ్డముక్కల ముందు జారిపోతోంది. చావుకి కప్పే బట్టల్లా తెల్లగా వేలాడుతున్నాయవి. ఇంకా చావని మనుషులకి ఒక్కొక్కటి చొప్పున ముందుగానే తెచ్చిపెట్టినట్టు ఉంది.

చెరువు మీంచి గాలి వచ్చింది. కొత్త గుడ్డలు గంజి బిగువుతో కదలనే లేదు. పాతది కదిలింది. అత్త ఎక్కడో వెనక నుంచి "వాడే, వాడేనే" అంది.

జల్లెడక్క నడిచింది. ఎవరూ ఆపలేదు, ఆమె ఏం చేస్తుందో ఎవరికీ అర్థం కాలేదు. ఏడు నెలలుగా ఆమె ఆ మేకు వైపు చెయ్యి చాపలేదు. ఇప్పుడు చాపింది. గుడ్డ మేకుకి అతుక్కుపోయింది, తుప్పు పట్టి. లాగింది. చిన్న చప్పుడుతో చిరిగి చేతికొచ్చింది.

పంతొమ్మిదో మేకు ఖాళీ.

"లోపల మనిషున్నాడు" అంది ఆమె. కేక కాదు, మామూలు గొంతే. క్వారీ అంతా వినబడింది. "లోపల మా ఆయనున్నాడు. ఆయన బయటికి రాకుండా వత్తి ముట్టదు."

కాంట్రాక్టరు ముఖం మాడిపోయింది. "ఏయ్, నీ వేలిముద్ర ఉంది కాగితం మీద!"

"ఉంది. ఈ వేలితోనే ఆ రోజు తగిలించాను. ఈ వేలితోనే నీ కాగితం మీద వేశాను. ఈ వేలితోనే ఇప్పుడు తీస్తున్నాను. రాసుకో."

మేస్త్రీ జేబులోంచి ఇంకో కొత్త గుడ్డ తీసి మేకుకి తగిలించాడు. గంపక్క లాగిపారేసింది. మళ్లీ తగిలించాడు. హారన్ లాగాడు. "లోపల మనిషున్నాడు!" అని ఆ పెద్ద నోటితో అరిచాడు. వెనకున్నవాళ్లు అందుకున్నారు. నలభై మంది ఒక్కసారిగా చెక్క మీద పడ్డారు. తెల్లగుడ్డలు నేల మీద, కాళ్ల కింద, దుమ్ములో. తాత వత్తి చుట్ట తీసుకెళ్లి చెరువులో విసిరేశాడు. ముప్పై ఏళ్లు వత్తులు పట్టిన చెయ్యి కదా, బాగా దూరం పడింది.

"మేకు ఖాళీగా ఉంది. నేను ముట్టించను" అన్నాడు.

లాఠీలు లేచాయి. తలలు పగిలాయి, ఆ తలగుడ్డలే కట్లయ్యాయి. జల్లెడక్కని, గంపక్కని, తాతని, ఇంకో పదకొండు మందిని బండెక్కించారు. బండి కదులుతుంటే ఆమె కిటికీ ఊచల్లోంచి గుట్ట వైపు చూసింది. అంచు అలాగే ఉంది. కింద మిగిలినవాళ్లు క్వారీ వాకిట్లో కూర్చుండిపోయారు. పక్క క్వారీ నుంచి జనం వస్తున్నారు, పనిముట్లు భుజాన వేసుకుని.

అప్పుడు ఈల వినబడిందని ఆమె అంటుంది. ఎవరు వేశారో తెలియదు. గుంపులో ఎవరో వేసి ఉండాలి. ఆ పాటే, సగం దగ్గర ఆగలేదు.

జైలు లోపల పద్నాలుగు నెలలు. అక్కడ ఇంకో కేసులో వచ్చిన ఒక చదువుకునే పిల్ల, గచ్చు మీద బొగ్గుతో అక్షరాలు దిద్దించింది. మొదట ఏం రాయడం నేర్పమంటావక్కా అని అడిగితే, 'లోపల మనిషున్నాడు' అని చెప్పింది ఆమె.

ఆ అంచు ఇప్పటికీ పేల్చలేదు. కేసు నడుస్తోంది, తాత తీర్పు చూడకుండానే పోయాడు. బండలు తొలగించి మనిషిని బయటికి తియ్యమని అడుగుతూనే ఉన్నాం. ఈ లోపల చెరువు చుట్టూ ఉన్న నాలుగు క్వారీల్లో ఒక మాట స్థిరపడింది: ఎవరి గుడ్డ వాళ్ల చేత్తోనే. మొగుడిదైనా, అన్నదైనా, కన్నకొడుకుదైనా సరే, ఇంకొకరు ముట్టరు. మేస్త్రీలు అరిస్తే, అందరూ కలిసి అరుస్తారు. ఆ షెడ్డు ముందు చెక్క మీద పంతొమ్మిదో మేకు ఖాళీగానే ఉంది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకి ముందు దాన్నే చూపిస్తారు.

ఆమె, ఆమె అని రాస్తూ వచ్చాను. నేను అని మొదలుపెడితే చెయ్యి కదల్లేదు, అందుకని. ఇప్పుడు కదులుతోంది.

ఇట్లు,
జల్లెడక్క. వయసు యాభై ఎనిమిది.
ఉంటున్నది గుట్ట కింద, మొదటి వరసలో ఆఖరి ఇల్లు. మధ్యాహ్నం మూడయితే ఇంకా నీడ పడుతుంది.